ఒంటికి అంటించే స్టిక్కరు – చర్మానికి హాని చేయని జిగురు

గుండె పరీక్షకు వచ్చినవారి ఛాతీ మీద సిస్టరుగారు గుండ్రటి స్టిక్కర్లు అంటించి, వాటికి వైర్లు తగిలించడం మీలో చాలామంది చూసే ఉంటారు. షుగరు వ్యాధి ఉన్న కొందరు జబ్బకు రూపాయి బిళ్ళంత సెన్సారు అంటించుకుని పది, పద్నాలుగు రోజులు తిరుగుతున్నారు. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల పాదానికి ఎర్రటి లైటు వెలిగే చిన్న పట్టీ చుడతారు. ఇవన్నీ రోగి ఒంటి మీదే ఉండి గుండె కొట్టుకునే తీరు, చక్కెర, ఆక్సిజన్ వంటి వివరాలు ఎప్పటికప్పుడు చెప్పే పరికరాలు.

ఈ పరికరాల గురించి అందరూ మాట్లాడతారు. వాటిని ఒంటికి పట్టి ఉంచే జిగురు గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ జిగురు ఊడిపోతే పరీక్ష పాడవుతుంది. మరీ గట్టిగా పట్టేస్తే చర్మం లేచిపోతుంది. అందుకే ఈ సంచికలో ఆ జిగురు గురించి తెలుసుకుందాం.

పెట్టె తిరిగి వస్తుంది, స్టిక్కరు రాదు

గుండె దడ, కళ్ళు తిరగడం వంటివి అప్పుడప్పుడు మాత్రమే వచ్చేవారికి ఆసుపత్రిలో అయిదు నిమిషాలు తీసే ఈసీజీలో ఏమీ కనబడకపోవచ్చు. అలాంటివారికి హోల్టర్ అనే చిన్న పెట్టె తగిలించి ఇంటికి పంపుతారు. అది 24 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు, గుండె చప్పుడుకు సంబంధించిన విద్యుత్ గీతలను నమోదు చేస్తుంది. దీనిని కనిపెట్టిన నార్మన్ హోల్టర్ అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన శాస్త్రవేత్త. 1940లలో ఆయన తయారుచేసిన మొదటి యంత్రాన్ని వీపు మీద సంచిలా మోయవలసి వచ్చేది. బరువు సుమారు 38 కిలోలు! ఇప్పుడది సెల్‌ఫోను కంటే చిన్నదైపోయింది.

ఆ పెట్టె ఖరీదైనది. ఒకరి తరువాత ఒకరికి వాడతారు. ఒంటికి అంటించే స్టిక్కర్లు మాత్రం ఒక్కసారే వాడాలి. షుగరు సెన్సార్లలోనూ కొన్ని రకాలకు సమాచారం పంపే భాగాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకుని, చర్మానికి అంటే భాగాన్ని మాత్రం మార్చుకుంటారు. కాబట్టి యంత్రం ఎంత గొప్పదైనా దాని పనితనమంతా కొద్ది రూపాయల జిగురు మీద ఆధారపడి ఉంటుంది.

ఒక్క స్టిక్కరు రాత్రిపూట ఊడిపోయిందనుకోండి. తెల్లవారేదాకా గీతలు సరిగా రావు. సరిగ్గా ఆ సమయంలోనే గుండె దడ వచ్చి ఉంటే అది దొరకదు. సగం ఊడిన స్టిక్కరు వల్ల వచ్చే పిచ్చి గీతలు ఒక్కోసారి గుండె జబ్బులాగే కనబడి కంగారు పెడతాయి. మళ్ళీ పరీక్ష చేయాలి. లంక గ్రామం నుంచి రేవు దాటి, బస్సెక్కి వచ్చే కూలి కుటుంబానికి అది ఇంకొక రోజు కూలి పోవడమే.

చర్మం మీది పెంకులు

మన చర్మం పైపొర మామూలు కాగితం కంటే ఎన్నో రెట్లు పలచన. చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు, చచ్చిపోయిన కణాలు అక్కడ పొరలు పొరలుగా ఉంటాయి. లోపలి తడిని బయటకు పోనివ్వకుండా, బయటి క్రిములను లోపలికి రానివ్వకుండా కాపాడేది ఈ కప్పే.

గట్టి ప్లాస్టరు ఊడబెరికినప్పుడల్లా కొన్ని పెంకులు దానితో లేచిపోతాయి. ఒకసారి అయితే ఫరవాలేదు. ఒకేచోట మళ్ళీ మళ్ళీ అంటించి పీకితే కప్పుకు చిల్లు పడుతుంది. అక్కడ ఎర్రబడి, మంట పుట్టి, నీరు కారుతుంది.

పెద్దవయసులో చర్మం పైపొరకూ లోపలి పొరకూ మధ్య పట్టు సడలుతుంది. అందుకే మామ్మగారి చేతికి వేసిన ప్లాస్టరు తీస్తుంటే ఒక్కోసారి చర్మమే చిరిగి వస్తుంది. నెలలు నిండని పసికందులలో ఈ కప్పు ఇంకా పూర్తిగా తయారై ఉండదు. చాలాకాలం స్టెరాయిడ్ మందులు వాడినవారు, కాళ్ళూ చేతులూ నీరు పట్టి వాచినవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. షుగరు ఉన్నవారికి పుండు పడితే మానడం ఆలస్యం.

వైద్య అవసరాలకు వాడే జిగురు వల్ల చర్మానికి కలిగే ఇటువంటి దెబ్బలన్నిటికీ 2013లో అమెరికాలో నిపుణులు కలిసి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి, నివారణ మార్గాలను ప్రకటించారు. అంతకుముందు దీనిని మామూలు విషయంగా వదిలేసేవారు. నిజానికి వీటిలో చాలావరకు రాకుండా చూసుకోదగినవే.

పనసకాయ నేర్పే పాఠం

జిగురు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పనసకాయ కోసేవారిని చూడండి. ముందుగా చేతులకూ కత్తికీ నూనె రాసుకుంటారు. నూనె ఉన్నచోట పనస జిగురు పట్టుకోదు. ఒకవేళ అంటుకున్నా నూనె రాసి రుద్దితే వదిలిపోతుంది. స్టిక్కరు విషయంలోనూ సరిగ్గా ఇంతే. కొబ్బరినూనె రాసుకున్న ఒంటికి స్టిక్కరు నిలవదు. అంటుకున్న స్టిక్కరును నొప్పి లేకుండా తీయాలంటే అదే నూనె సాయం చేస్తుంది.

మంచి జిగురుకు రెండు గుణాలు ఉండాలి. చర్మం మీది సన్నని గీతల్లోకి, గుంటల్లోకి పాకేంత మెత్తగా ఉండాలి. అదే సమయంలో చెయ్యి ఊపినా, పక్క మీద దొర్లినా జారిపోనంత గట్టిగా ఉండాలి. మెత్తదనం ఎక్కువైతే జారిపోతుంది, గట్టిదనం ఎక్కువైతే చర్మాన్ని లాగుతుంది. పైగా చర్మం ఊరికే ఉండదు. సాగుతుంది, చెమట పోస్తుంది, నూనె ఊరుతుంది, పాత కణాలను రాల్చుకుంటూ ఉంటుంది. స్టిక్కరు ఎన్నాళ్ళో నిలవకపోవడానికి అసలు కారణం ఇదే. అది అంటుకుని ఉన్న పొరే కొన్నాళ్ళకు రాలిపోతుంది.

మన కొండల్లోని తపసి జిగురు

చర్మానికి మేలు చేసే జిగురు చరిత్రలో మన గోదావరి ప్రాంతానికి కూడా చోటుంది. రంపచోడవరం, పాడేరు ఏజెన్సీ కొండల్లో తపసి అనే చెట్టు పెరుగుతుంది. తెల్లటి నున్నని బెరడుతో, ఎండాకాలం ఆకులు రాల్చి నిలబడి ఉంటుంది. దీని కాయల మీది నూగు తగిలితే ఒళ్ళు మంట పుడుతుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో కూడా మంట అనే అర్థమే ఉంది. ఆ చెట్టు మానుకు గాటు పెడితే కారే జిగురు మాత్రం చర్మానికి చలవ. గిరిజనులు దానిని ఏరి తెస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దానిని కొని అమ్ముతూ వచ్చింది. విదేశాల్లో దీనిని కరాయా గమ్ అంటారు.

ఈ జిగురు నీటిలో కరగదు. నీటిని పీల్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కొద్దిగా పుల్లటి వాసన వస్తుంది. కట్టుడు పళ్ళు చిగుళ్ళకు పట్టి ఉండేందుకు దీని పొడిని ఎప్పటినుంచో వాడేవారు. 1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ దీనికి ఇంకొక ఉపయోగం కనిపెట్టారు. పేగుకు ఆపరేషన్ చేసి, పొట్ట మీద మలద్వారం పెట్టిన రోగులకు అక్కడి చర్మం ఎప్పుడూ ఒరిసిపోయి పుండ్లు పడుతూ ఉండేది. తడిగా ఉన్న ఆ చర్మానికి ఏ ప్లాస్టరూ అంటేది కాదు. కరాయా పొడి మాత్రం తడిని పీల్చుకుని, దానితోనే జిగురుగా మారి, చర్మాన్ని కప్పి కాపాడింది. టర్న్‌బుల్ దగ్గర ఆపరేషన్ చేయించుకున్న నార్మా గిల్ అనే ఆమె 1958 నుంచి అదే ఆసుపత్రిలో తనలాంటి రోగులకు ఈ సంరక్షణ నేర్పే పనిలో చేరారు. ప్రపంచంలో ఆ పనికి ప్రత్యేకంగా నియమితులైన మొదటి వ్యక్తి ఆమె.

తడి తగిలిన ఈ జిగురు విద్యుత్తును కూడా పోనిస్తుంది. అందువల్ల 1970, 80లలో నొప్పి తగ్గించేందుకు సన్నని కరెంటు ఇచ్చే యంత్రాల ప్యాడ్లలో దీనిని వాడారు. ప్యాడ్ ఎండిపోతే నాలుగు చుక్కలు నీళ్ళు రాసి మళ్ళీ అంటించుకునేవారు. అంటే, ఒంటికి అంటించుకుని తిరిగి వాడుకునే వైద్య పరికరాలకు చర్మానికి హాని చేయని జిగురు చెట్టు నుంచే వచ్చిందన్నమాట.

దీనికి లోపాలూ ఉన్నాయి. వేడికి, ఎక్కువ తడికి జారిపోతుంది. చెట్టు చెట్టుకూ నాణ్యత మారుతుంది. అందుకే తరువాత ఫ్యాక్టరీలో తయారయ్యే జిగుర్లు దాని స్థానంలోకి వచ్చాయి.

ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరకడం వల్ల తపసి చెట్లు ఎన్నో చచ్చిపోయాయి. తరువాత పదునైన చిన్న కత్తితో పైపైన గాటు పెట్టి, పాత గాటు మానేదాకా దాని జోలికి పోకుండా ఉండే పద్ధతిని గిరిజనులకు నేర్పారు. ఒంటి మీద స్టిక్కరు వేసే చోటు విషయంలోనూ డాక్టర్లు ఇదే మాట చెబుతారు. పాత చోటు మానాకే మళ్ళీ అక్కడ వేయండి.

ఇప్పుడు వాడుతున్న రకాలు

1. జింకు ఆక్సైడ్ ప్లాస్టరు. మనందరికీ తెలిసిన పాత రకం గట్టి ప్లాస్టరు. పట్టు ఎక్కువ, గాలి ఆడదు. దేవదారు జాతి చెట్ల బంక కలిపిన రకాలు కొందరికి పడవు.

2. కాగితం లాంటి తెల్ల టేపు. 1960 ప్రాంతంలో వాడకంలోకి వచ్చింది. ఆక్రిలిక్ అనే జిగురు రాసి ఉంటుంది. గాలి ఆడుతుంది. ఆక్రిలిక్ జిగురు అంటించిన గంటల తరువాత ఇంకా గట్టిపడుతుంది. ఎక్కువ రోజులు ఉండవలసిన సెన్సార్లకు ఎక్కువగా ఇదే వాడతారు.

3. తడిని పీల్చే మెత్తని పట్టీలు. జిలటిన్, పెక్టిన్ వంటివి కలిపి చేస్తారు. తపసి జిగురు చేసిన పనినే ఇంకా నమ్మకంగా చేస్తాయి. గట్టి టేపు నేరుగా చర్మానికి తగలకుండా ముందుగా దీనిని అంటించి, దాని మీద టేపు వేయవచ్చు.

4. జెల్ స్టిక్కర్లు. ఈసీజీకి వాడేవి. మధ్యలో ఉప్పు కలిసిన చల్లటి జెల్ ఉంటుంది. గుండె నుంచి వచ్చే సన్నని విద్యుత్తును వైరుకు అందించేది అదే. జెల్ ఎండిపోతే స్టిక్కరు ఒంటికి అంటుకున్నా పని చేయదు.

5. సిలికాన్ జిగురు. చాలా మెత్తన. చర్మం గీతల్లోకి వెంటనే పాకుతుంది, తీసేటప్పుడు కణాలను లాక్కుపోదు. కొన్ని రకాలను తీసి మళ్ళీ అదే చోట సర్దవచ్చు. పసిపిల్లలకు, వృద్ధులకు మంచిది. ధర ఎక్కువ. బరువైన పరికరాన్ని చాలా రోజులు మోయలేకపోవచ్చు.

అన్నిటికన్నా మంచిది అని ఏ ఒక్కదాన్నీ చెప్పలేం. ఒక్కరోజు హోల్టరుకు కావలసిన పట్టు వేరు, రెండు వారాల షుగరు సెన్సారుకు కావలసిన పట్టు వేరు.

బొట్టుబిళ్ళ చెప్పిన సంగతి

జిగురు పడకపోవడం అంటే ఏమిటో మన ఇళ్ళలో ఆడవాళ్ళకు బాగా తెలుసు. స్టిక్కరు బొట్టుబిళ్ళ పెట్టుకునే కొందరికి నుదుటి మీద మొదట దురద, తరువాత సరిగ్గా బిళ్ళంత మేర తెల్లమచ్చ వస్తుంది. బిళ్ళ వెనుక జిగురులో వాడే ఒక రకం ఫినాల్ రసాయనం ఇందుకు కారణమని మనదేశంలోని చర్మవైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇది కుష్టు కాదు, ఒకరినుంచి ఒకరికి అంటేది కాదు. బిళ్ళ మానేసి త్వరగా డాక్టరుకు చూపించాలి.

షుగరు సెన్సార్లలోనూ ఇలాంటి సమస్య వచ్చింది. 2017లో యూరప్ డాక్టర్లు కొందరు రోగులకు సెన్సారు కింద ఎగ్జిమా రావడం గమనించి, ఐసోబోర్నిల్ అక్రిలేట్ అనే పదార్థం దానికి కారణమని కనుగొన్నారు. అది టేపు జిగురులో కాక, ప్లాస్టిక్ భాగాలను అతికించే చోట ఉండి మెల్లగా చర్మం వరకు వచ్చింది. 2020లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి దానిని ఆ సంవత్సరపు ముఖ్యమైన అలర్జీ కారకంగా ప్రకటించింది. తరువాత కొన్ని కంపెనీలు తయారీ మార్చుకున్నాయి.

ఒరిపిడికీ అలర్జీకీ తేడా ఇలా గుర్తించవచ్చు. ఒరిపిడి వల్ల వచ్చిన ఎరుపు స్టిక్కరు ఉన్నంత మేరకే ఉండి, తీశాక ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అలర్జీ అయితే దురద ఎక్కువ. ఎరుపు అంచు దాటి పాకుతుంది, పొక్కులు వస్తాయి, ప్రతిసారీ ఇంకా త్వరగా వస్తుంది.

అంటించే ముందు

మన ప్రాంతంలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. సముద్రపు గాలి తేమ దానికి తోడు. చెమట ఆరదు. చలిదేశాల్లో పద్నాలుగు రోజులు ఉండే జిగురు ఇక్కడ అంతకాలం ఉంటుందని అనుకోకూడదు. కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి.

– పరీక్ష రోజున ఒంటికి నూనె, పౌడరు, క్రీము రాసుకోకండి. సబ్బుతో స్నానం చేసి, పొడి తువ్వాలుతో అద్దుకుని రండి.
– తడి ఆరకుండా స్టిక్కరు వేయనివ్వకండి. స్పిరిటు రాస్తే అదీ పూర్తిగా ఆరాలి.
– వెంట్రుకలు ఎక్కువగా ఉంటే సిస్టరుగారు కత్తిరిస్తారు. ఇంట్లో బ్లేడుతో గీసుకుని రాకండి. కంటికి కనబడని గాట్లు పడి మంట పుడుతుంది.
– చర్మాన్ని సాగదీసి అంటించకూడదు. టేపును కూడా లాగి అంటించకూడదు. లాగిన టేపు వెనక్కు ముడుచుకుంటూ చర్మాన్ని లాగి పొక్కులు తెప్పిస్తుంది.
– అంటించాక అరచేతితో ఒక నిమిషం మెల్లగా అదిమి ఉంచండి. ఒంటి వేడికి జిగురు బాగా పడుతుంది.
– మడత పడే చోట, ముందే పుండు, పొక్కు, మచ్చ ఉన్నచోట వేయకూడదు.
– ఊడిపోతోందని ఫెవిక్విక్ గానీ, సెల్లోటేపు గానీ వాడకండి. అవి చర్మానికి తయారుచేసినవి కావు.
– హోల్టరు ఉన్నప్పుడు స్నానం వద్దు. స్టిక్కరు ఊడితే మీరే వేరేచోట అంటించకండి. చోటు మారితే గీత మారుతుంది. ఆసుపత్రికి ఫోను చేయండి.

పసిపిల్లల తల్లులకు ఒక మాట. పాదానికి చుట్టిన పట్టీని సిస్టరుగారు కొన్ని గంటలకొకసారి విప్పి, ఇంకొక కాలికి మారుస్తారు. బిడ్డను ఊరికే కదిలిస్తున్నారని అనుకోకండి. ఒకేచోట ఉంచితే ఆ లేత చర్మం ఒత్తిడికీ వేడికీ దెబ్బతింటుంది. ఊడిపోతుందని పైన గుడ్డ గట్టిగా కట్టకండి.

తీసేటప్పుడు

ఒక్కసారిగా పీకితే నొప్పి తెలియదని చాలామంది అనుకుంటారు. చర్మం మాత్రం చిరుగుతుంది. ఒక మూల మెల్లగా లేపండి. రెండో చేతి వేళ్ళతో పక్కన చర్మాన్ని అదిమి పట్టుకోండి. స్టిక్కరును పైకి లాగకుండా, చర్మానికి ఆనించి వెనక్కు మడుస్తూ, వెంట్రుకలు వాలిన వైపుకే తీయండి. పట్టు వదలకపోతే అంచు కింద కొంచెం కొబ్బరినూనె రాసి కొద్ది నిమిషాలు ఆగండి. చర్మం చిరిగినచోట నూనె వద్దు. తీశాక గోరువెచ్చని నీటితో కడిగి ఆరనివ్వండి. గోళ్ళతో గీకకండి. తరువాతి సెన్సారు రెండో చేతికి వేసుకోండి.

పరికరాన్ని మళ్ళీ వాడేటప్పుడు

పరికరం మీద మిగిలిన పాత జిగురులో చెమట, చర్మపు పొట్టు, క్రిములు చేరతాయి. దాని మీదే కొత్త స్టిక్కరు వేస్తే అదీ సరిగా పట్టదు. ఆసుపత్రి పరికరమైతే మీరు తుడవకుండా అలాగే తెచ్చి ఇవ్వండి, మేము శుభ్రం చేస్తాము. మీ సొంతదైతే కంపెనీ కాగితంలో చెప్పిన విధంగా స్పిరిటు గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నీళ్ళలో ముంచకండి. ఒకసారి తీసిన ఈసీజీ స్టిక్కరును ఖర్చు కలిసి వస్తుందని ఇంకొకరికి అంటించడం తగదు. జెల్ ఎండిపోయి గీత తప్పుగా వస్తుంది, ఒకరి చర్మరోగం ఇంకొకరికి పోవచ్చు.

వెంటనే చూపించవలసినవి

నీటి పొక్కులు, చీము, ఎరుపు పాకడం, జ్వరం, చర్మం చిరిగి రక్తం రావడం కనబడితే ఆలస్యం చేయకండి. షుగరు ఉన్నవారు పసుపో, ఆకు పసరో పెట్టి చూద్దామని ఆగవద్దు. దురదగా ఉందని సెన్సారు పీకేసి మానేయడం కూడా మంచిది కాదు. జిగురు రకం మార్చవచ్చు, కింద పలచటి పట్టీ వేయవచ్చు, చోటు మార్చవచ్చు. దారులు చాలా ఉన్నాయి.

ఈసారి వచ్చినప్పుడు ఓపీలో ముందే ఈ మాట చెప్పండి: “నాకు ఫలానా ప్లాస్టరు పడలేదండీ, బొట్టుబిళ్ళతో మచ్చ వచ్చిందండీ.” మందు పడకపోతే చీటీ మీద రాయించుకున్నట్లే, జిగురు పడకపోయినా రాయించుకోండి. ఇంట్లో మామ్మగారికి, తాతగారికి, పసిపిల్లలకు వాళ్ళ తరఫున మీరే చెప్పాలి.